అండమాను చీటీ

కాశీబుగ్గ జీడి బట్టీలో
పిక్కలు కొట్టే పదకొండుమందిమి
కలిసి కట్టుకుంటున్న చీటీ ఇది.
నెలకి మూడువందలు.
మొగుళ్ళకి చెప్పిన పేరు గ్యాసుపొయ్యి చీటీ.
పుస్తకం అట్టమీద మాత్రం
నా చేత్తో నేనే రాశాను: అండమాను.

ఇదంతా దాలమ్మ పెట్టిన చిచ్చు.
దాని తమ్ముడు పోర్టుబ్లెయిర్‌లో తాపీపని.
ఫోనులో ఒక బొమ్మ పంపేడు:
తెల్లటి ఇసక, ఆకుపచ్చ నీళ్ళు,
నీళ్ళమీదికి వాలిపోయిన కొబ్బరిచెట్టు.
మధ్యాన్నం కేరేజీలు విప్పి చూశాం,
జీడినూనె చేతులు తెరకి అంటకుండా
గడ్డంతో బొమ్మలు జరుపుకుంటూ.

"ఇదేటే, మన బారువలాగే ఉంది!" అంది హైమావతి.
"కొబ్బరిచెట్టుని సూడ్డానికి
కొబ్బరితోటలోంచి ఓడెక్కి ఎల్తామేటి?
మనకి పనసల్లేవా, మొగలిపొదల్లేవా,
సముద్రం లేదా?"
అందరం నవ్వాం. నిజమే మరి.

ఉర్వశి నవ్వలేదు.
"అన్నీ ఉన్నాయప్పా.
ఆటి కింద నానెప్పుడు కూకున్నాను?
కొబ్బరిచెట్టు కనబడితే మట్టలేరాల,
జీడితోట కనబడితే పిక్కలేరాల,
సముద్రం కనబడితే గంపెత్తుకోవాల.
నాకు పని సెప్పని సెట్టొకటి
ఒక్కపాలి సూడాలనుంది."

బట్టీలో ఎవరూ మాట్లాడలేదు.
ఆ శనివారమే
పదకొండు మూడువందలూ నా ఒళ్ళో పడ్డాయి.

అప్పణ్ణుంచీ రోజుకో పంచాయితీ.
విశాఖపట్నంలో ఓడెక్కాలట, మూడు రాత్రులట.
అంబలి పట్టుకెళ్తే పులిసిపోదా?
నీళ్ళలోకి చీరతో దిగుదుమా, నైటీతో దిగుదుమా?
"పొట్టి లాగులేసుకుంటారట అక్కడ" అని దాలమ్మ అంటే
హైమావతి నోట్లో మెతుకులు ఎగిరిపడ్డాయి.
గురువులమ్మప్పది ఒకటే బెంగ:
"ఓడలో అడ్డపొగ తాగనిస్తారేటే?
నిప్పు నోట్లోనే ఉంటాది కదా,
ఆళ్ళ ఓడకేటి కాల్తాదీ?"

సొమ్ము సగం పోగయ్యాక
నెట్ సెంటరుకి వెళ్ళాం.
ఆధార్లో పేర్లు తప్పులట, సరిచెయ్యాలట,
దానికి వేలు పెట్టాలట.
పెట్టాం.
ఎర్ర లైటు.
చీరకి తుడుచుకుని పెట్టాం, ఎర్ర లైటు.
పదిమంది ముందు నిలబెట్టి
నువ్వు నువ్వు కాదన్నట్టుంది ఆ మిషను.
ఏడుగురికి గీతల్లేవు.
ఇరవయ్యేళ్ళ జీడినూనె
వేళ్ళకొసలు నున్నగా నాకేసింది.

ఆ కుర్రాడు మంచోడే.
"పది రోజులు పని మానేసి రండమ్మా,
నిమ్మచెక్క రాయండి, గీతలు మళ్ళీ మొలుస్తాయి" అన్నాడు.

పది రోజులు!
సెలవు మీద వెళ్ళాలంటే
ముందు సెలవు పెట్టాలన్నమాట.
రోడ్డుమీద నిలబడి నవ్వుకున్నాం,
ఆటోవాళ్ళు తిరిగి చూసేటట్టు.

ఏడుగురం ఒక్కసారి మానేస్తే షావుకారు ఊరుకోడు.
అందుకని వంతులు.
పేర్లు రాసి, మడిచి, గిన్నెలో వేసి తీశాం.
మొదటి వంతు గురువులమ్మప్పకి పడింది.
ఆమె కూలి మిగతావాళ్ళం పంచుకున్నాం.
పుస్తకంలో దానికో పేజీ పెట్టాను,
ఏం పేరు రాయాలో తెలీక ఖాళీగా వదిలేశాను.

ఆరో రోజు చూసొద్దామని వెళ్ళాను.
అరుగుమీద కాళ్ళు చాపుకుని కూర్చుంది,
నోట్లో చుట్ట తిరగేసి, నిప్పు లోపలికి.
మునగచెట్టు నీడ మోకాళ్ళమీద ఆడుతోంది.
పెరట్లో రాలిన మట్ట రాలినట్టే ఉంది,
ఆమె లేవలేదు.
బొటనవేలు ఎండకి ఎత్తి పట్టుకుని
ఒక కన్ను మూసి చూస్తోంది.

"మొలుస్తున్నాయేటప్పా?"
"మాటాడకు" అంది.
"అదిగో, ఒకటి కనబడతంది.
ఆ అంచునే. సన్నంగా."

కూర్చో అంది. కూర్చున్నాను.
పొద్దు వాలేదాకా
ఇద్దరం ఆ వేలే చూశాం.

ఓడ తేదీ ఇంకా తెలీదు.
తరవాతి వంతు ఉర్వశిది.
నిమ్మకాయలు నేనే కొన్నాను,
చీటీ లెక్కలో రాశాను.