మూడో పాటల సైరన్

ఎనభై ఆరుల, వాన పడని శ్రావణం.
మట్టెవాడల మా రికార్డింగు దుకాణం
ఒక నులకమంచం పడితే నిండేది.
ఖవ్వాలీలు, ఒగ్గుకథలు, పెండ్లి క్యాసెట్లు,
తొంభై నిమిషాలకు పన్నెండు రూపాయల కూలి.

ఇంజినీరింగు హాస్టల్‌కెల్లి వచ్చిండు
షిల్లాంగు పిలగాడు, బాన్‌తేలాంగ్.
నాలుకకు తిరగక బంటి అన్నం.
జేబులకెల్లి తీసిన క్యాసెట్టుకు డబ్బి లేదు.
ఆకుపచ్చ సిరాతోటి రాసిన పేర్లు
చెమటకు ఒకదాన్లకు ఒకటి పారినయ్.
"నాలుగు కాపీలు కావాలె అన్నా.
పాడేటోడు ఖుషీగ లేడు, గాబరా పడకు."

ఆ దినమే వైరు తెగింది.
రెండు టేపురికార్డర్లను ఎదురెదురు కూసోబెట్టిన
పంచాయితికి పిలిచిన అన్నదమ్ముల లెక్క.
ఒకటి పాడుతది, ఒకటి ఇంటది.
నేను దగ్గు సుత మింగిన.

మొదలు బేసు వచ్చింది.
మా తాన బేసంటే ఎనుక నడిచే జీతగాడు,
ఇక్కడ వాడే ముందట నడుస్తున్నడు
చేతుల లాంతరు పట్టుకొని.
గిటారు సన్నగ, తెగిన పోగు గాలికి ఊగినట్టు.
డ్రమ్ము నాకు ఎరుకైన సప్పుడే:
ఆజంజాహి మిల్లుల బాపు నడిపే సాంచె,
రాత్రి షిఫ్టుకు సద్దిగిన్నె ఇయ్యబోతే
గోడ దాటొచ్చి నా కడుపుల కొట్టేది.

బంటి చెప్పిండు,
ఆ పోరగాండ్ల ఊర్ల గూడ బట్టల మిల్లులేనంట,
మూతపడ్డయంట,
పని లేని కొడుకులు గిటార్లు పట్టిన్రంట.
నవ్విన.
మిల్లు మూతపడుడేందిరా,
పొద్దు పొడవకపోతదా ఏమన్ననా.

మూడో పాట నడుమ మిల్లు సైరన్ కూసింది.
ఆపుదామంటే చెయ్యి లేవలె.
పాడేటోడు ఊపిరి పీల్చుకునే జాగల
సరిగ్గ వచ్చి కూసోని
లేసిపోయింది.
ఆఖరుకు అసలు క్యాసెట్టును మిషను నమిలింది.
పెన్సిలు పెట్టి తిప్పినా రాలె.
ఇగ నా కాపీయే అసలు.
మిగిలినయి దాని కడుపులకెల్లే తీసిన.
బంటి ఇన్నడు, మళ్ల ఇన్నడు,
రెండు రూపాయలు ఎక్కువ పెట్టి పోయిండు.

పాటగాండ్ల పేర్లు తెల్వక నేనే పెట్టుకున్న.
జలుబు పిలగాడు.
బీరువల కూసోని పాడేటోడు.
కొలిమి కాడి అక్క; ఆమె ఒర్లితే
షెల్ఫు అద్దం వణికేది.
ఒకడైతే ఉట్టి కరెంటు పెట్టె మీద వాయిస్తడు,
వేళ్లల్ల నెత్తురు లేనట్టు.
గాయినంటే నాకు పానం.

మార్గశిరంల పోలీసులొచ్చిన్రు,
అన్నల పాటలున్నయా అని అరలు కుమ్మరించిన్రు.
ఎస్సై ఈ క్యాసెట్టు ఏసి
నినాదం కోసం చెవి పెట్టిండు.
ఒకటి. రెండు. మూడోదాన్ల సైరన్.
ఉలిక్కిపడి గడియారం చూసుకున్నడు.
"వీళ్లింట్ల ఎవలో సచ్చినట్టున్నదిరా" అని
బల్ల మీద ఇసిరేసిండు.
గడప కాడి కానిస్టేబులు మాత్రం
మెట్టు మీద లాఠీతోటి
టక్, టకటక్, టక్,
పాట ఆగినంక గూడ.

ఎన్కటికి మిల్లు నిజంగనే మూతపడ్డది.
పొద్దు పొడుస్తనే ఉన్నది.
బాపు చేతులు మంచంపట్టె మీద
లేని దారాన్ని ముడేస్తుండేటియి.
ఒక రాత్రి ఊకుండక ఆ క్యాసెట్టు పెట్టిన.
ఆయనకు అటు భాష రాదు, ఇటు పాట పట్టదు,
గోడ దిక్కు మల్లి పండుకున్నడు.
మూడో పాటల కూత రాంగనే లేసి
చీకట్ల కాళ్లతోటి చెప్పులు దేవులాడిండు.
ఒక చెప్పు దొరికింది.
రెండోదాని మీద నా కాలుండె.

మొన్న మా అక్క మనుమడు ఫోన్ల
ఆ పాట పట్టిచ్చిండు.
తోమిన గిలాస లెక్క ఉన్నది, గరగర లేదు.
పాడేటోడు ఊపిరి పీల్చుకున్నడు.
నేను ఆగిన.
ఏం రాలె.
నీ ఫోను ఖరాబైందిరా, అన్న.