కింది ఎడమ మూల

కోఠి గుజరాతీ గల్లీలో మెట్ల కింద
ఖుద్దూస్ భాయ్ దుకాణం.
బిస్కెట్ల డబ్బా మూత తీసి
పాత బనియన్ గుడ్డలోంచి బయటికి తీశాడు
తొంభై మిల్లీమీటర్ల జర్మన్ లెన్సు.
దారంతో కట్టిన అట్టముక్క మీద
ఎవరిదో గుండ్రటి చేతిరాత:
"మూలలు నమ్మొద్దు."

"పదకొండేండ్లాయె. ఈ చీటీ చూసి అందరు వాపస్ పోతున్నరు."
టార్చి వేశాడు.
అంచున గోరంత గీత, లోపల రెండు నలుసులు.
"అవి ఫొటోల పడవు. భయపెట్టడానికే ఉంటయి."
షట్టర్ మీట నొక్కి నా చెవి దగ్గర పెట్టాడు.
సెకను అని రాసున్న చోట
సెకనుంపావు గురగురలాడింది.
"పదిసార్లు కొట్టు, పదిసార్లు సెకనుంపావే.
దినానికో అబద్ధం చెప్పేటోనితోని కష్టంగాని
ఎప్పుడూ అదే అబద్ధమైతే లెక్కేస్కోవచ్చు.
వారం ఉంచుకో. నచ్చితేనే పైసలు."

పరీక్షకి గోడ కావాలి,
చదునుగా, ఎదురుగా, దాచుకోవడానికేమీ లేని గోడ.
రామ్‌కోఠి మలుపులో దొరికింది.
కోచింగ్ సెంటర్లు, బాలికల హాస్టళ్ళు,
ఆపరేషన్ లేకుండా మొలల వైద్యం, బోరుబావులు,
ఒకరి నోటి మీద ఒకరు అంటించుకుపోయిన కాగితాలు.
ఆదివారం ఆరున్నర, ఇడ్లీ బండి ఇంకా రాలేదు.
నల్లగుడ్డ కప్పుకున్నాను.
గాజుపలక మీద తలకిందులుగా గోడ,
నడుమ పగలు, అంచులకు పోయేకొద్దీ మునిమాపు.
వెడల్పు లెన్సులన్నీ ఇంతే,
ఊరంతా చూపిస్తాయి, పొలిమేరలో దీపం పెట్టవు.
భూతద్దం ఆనించి
మధ్యలో ఒక మేకు తల దొరికేదాకా తిప్పి
అపర్చర్ ఇరవైరెండుకి కుదించి
నాలుగు షీట్లు.

రాత్రి బాత్రూంలో కడిగి, తెల్లారి లైటుబల్ల మీద పరిచాను.
మైదాపిండి బంక చారలు సైతం లెక్కపెట్టొచ్చు.
కుడివైపు రెండు మూలలూ సరే. పై ఎడమ సరే.
కింది ఎడమ మూలలో బోరుబావి వాడి నంబరు,
చివరి అంకె మూడో ఎనిమిదో తేలదు.
నాలుగడుగులు వేసి గోడ దగ్గరికెళ్తే తెలిసేదే.
చెప్పాల్సింది నా కాళ్ళు కాదు, ఆ గాజు.

చీటీ రాసినవాడు నిజమే రాశాడు అనుకుని
మళ్ళీ బనియన్ గుడ్డలో చుట్టాను కూడా.
చుట్టాక తోచింది:
వెనక రింగు వదులు చేసి
లెన్సును సగం చుట్టు తిప్పి బిగిస్తే?
దోషం దానిదైతే
మసక దానితోపాటు పై కుడి మూలకి నడిచెళ్ళాలి.

మర్నాడు ఆరున్నర. అదే గోడ, అదే మేకు.
మసక కదల్లేదు.
అక్కడే కూచుని
మూడా ఎనిమిదా అని నన్నే అడుగుతోంది.

స్కేలు తీసి నా కెమెరాని కొలిచాను.
ఇరవైరెండేళ్ళుగా నేను తుడుస్తున్న టేకు చట్రం,
వెనక ఒక మూల
అగ్గిపుల్ల మందాన వంగి ఉంది.
మౌలాలి గుట్ట మెట్ల మీద ట్రైపాడ్ జారిన రోజు
గీతలు చూసి, ఉఫ్ అని ఊది
"ఏం కాలేదు" అన్నది నేనే.

ఇనప్పెట్టె తెరిచి
ఆ తర్వాతి నెగెటివ్‌లన్నీ
కింది ఎడమ మూలలు మాత్రమే చూసుకుంటూ కూచున్నాను.
ఆజామాబాద్ ఫ్యాక్టరీ, సూపర్‌వైజర్ వీడ్కోలు.
ముందు వరస, నేల మీద, చివరాఖరున
ఎల్లేశం, చేరి నెలైన అప్రెంటిస్.
ప్రింటు పట్టుకుని అందరి ముందూ అన్నాను:
"నలభై మందిలో కదిలింది నువ్వొక్కడివే."
"ఊపిరి గూడ తీస్కోలే సార్."
అందరూ నవ్వారు. నేనూ.

ఖుద్దూస్ భాయ్‌కి డబ్బిచ్చాను.
"చీటీ తీసెయ్యాల్నా?"
"ఇటివ్వు, కెమెరాకి కట్టుకుంటా."
అతనికి అర్థం కాలేదు, చాయ్ చెప్పాడు.

రాత్రి మళ్ళీ భూతద్దం పెట్టాను.
కాలరు దొరుకుతోంది, ముఖం దొరకదు.
రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని
ఎల్లేశం
కదలకుండా కూచున్నాడు.