ఏకు

రాత్రి తొమ్మిదిన్నరకి షట్టర్ సగం దించి
స్క్రూడ్రైవర్లన్నీ డబ్బాలో పడేసి
గిటారు తీస్తాను.
ఏడురోడ్ల కూడలి హారన్లు
అప్పటికి కాస్త పలచబడతాయి.

ఎవరో మరిచిపోయిన మెమరీ కార్డులో
దొరికిన సంగీతం ఇది, బ్లూగ్రాస్.
ఎక్కడి కొండలో ఏమో,
విన్నాక మూడు రోజులు
ఫోన్లు సరిగ్గా బాగుచెయ్యలేకపోయాను.
ఆ నెలే సెకండ్‌హ్యాండు గిటారొకటి కొన్నాను.

మెట్రోనోమ్ తొంభై మీద ఉన్నంతసేపూ
నేను మంచివాణ్ణే.
కిందికి, పైకి, కిందికి, పైకి,
ఆమదాలవలస దాటిన పాసింజరులా
వరస తడబడకుండా పోతుంది.
అంకె నూట ఇరవైకి జరిపానా,
మణికట్టు కర్రవుతుంది
మోచెయ్యి దానికి వత్తాసు
భుజం చెవిదాకా ఎక్కి కూర్చుంటుంది.
ఏకులా వేళ్ళ మధ్య పెట్టుకున్న పిక్కు
మేకై దిగిపోతుంది.
తీగ పలకదు, అరుస్తుంది.

పగటి పని అలాంటిది మరి.
ఆవగింజంత మరల్ని
ఊపిరి బిగబట్టి విప్పే చెయ్యి
రాత్రయింది కదా, వదులవమంటే
అవుతుందా?

మంగళవారం పొందూరు సూరీడమ్మ వచ్చింది.
మనవరాలి ఫోను, అద్దం పగిలింది.
గంట పడుతుందన్నాను.
స్టూలు మీద కూర్చుని మూలకి చూసి
"అదేటి బావు, వాయిస్తావేటి? ఏదీ" అంది.

వాయించాను, వేగంగా,
గొప్ప చూపించుకోడానికే.
ఆవిడ తీగల వైపు చూళ్ళేదు.
నా మొహం కేసే చూస్తోంది.
"సెయ్యి సంగతి తరవాత.
ఆ దవడ ఎందుకలగ నొక్కేస్తన్నావు?"

నిజమే.
పళ్ళ మీద పళ్ళున్నాయి.
ఎన్నేళ్ళ నుంచో.

ఖాదీ ప్రదర్శనకని తెచ్చిన సంచీలోంచి
వాలుగ చేప దవడ తీసింది.
అరిగి నున్నబడ్డ సన్నని పళ్ళ వరస.
దానితోనే పత్తి దువ్వుతారు వాళ్ళు.
"సచ్చిన సేపది గనక
ఇంత మెత్తగ దువ్వుతాది.
బతికున్నప్పుడు కరిసేదే."

తర్వాత, రాట్నం లేకుండానే,
ఒక ఏకు వేళ్ళ మధ్య పెట్టి
చెయ్యి వెనక్కి జరుపుతూ చూపించింది.
బొటనవేలు ఉందా లేదా అన్నట్టుంది.
"దారం నాను తియ్యను బావు.
అదే పోతాది, పోనిస్తాను.
గట్టిగ పడితే తెగిపోద్ది.
మరీ ఒగ్గేస్తే పురి పడదు."

తెగితే? అన్నాను.
"తెగితే అతుకు. ఏటుంది."

అద్దానికి పన్నెండొందలు చెప్పాను.
ఎనిమిదొందలు చేతిలో పెట్టి
రిక్షా ఎక్కేసింది.
ఆ పట్టు మాత్రం
ఏమాత్రం వదులు కాదు.

ఆ రాత్రి నోరు కొంచెం తెరిచి
వెర్రివాడిలా వాయించాను.
పిక్కు జారి గిటారు కడుపులో పడింది.
బోర్లించి ఊపాను,
ఎలక దూరిన బోషాణాన్ని ఊపినట్టు.
మళ్ళీ పడింది, మళ్ళీ ఊపాను.
షట్టర్ కిందనుంచి టీకొట్టు కుర్రాడు
వంగి చూసి పోయాడు.

నూట పన్నెండు.
భుజం దానంతటది దిగింది.
నూట పదహారు.
ఎక్కడో మధ్యలో
చెయ్యి నాది కాకుండా పోయింది.
తలుపు తీసిన గదిలోకి గాలి వచ్చినట్టు
పిక్కు తీగ మీంచి దాటిపోతోంది,
నేను తియ్యడం లేదు.

అదుగో, వదులైంది
అనుకున్నాను.

ఆ అనుకోవడంతోనే
పై పళ్ళూ కింది పళ్ళూ కలుసుకున్నాయి.

తెగింది.
అంకె తొంభైకి దించి
అతుకుతున్నాను.