మందు లేని మందు

జుఫైర్ల మా హోటల్ పదిహేనంతస్తులు.
నా నౌకరి మాత్రం భూమి కింద.
బయట నలభై ఏడు, లోపల పద్నాలుగు డిగ్రీలు.
జూన్ నెలల స్వెట్టర్ తొడుక్కొని లిఫ్టుల దిగుత.
ఎక్కుడు తెలిసిన కాళ్ళు నావి.
మోకు, ముత్తాదు కట్టి
తెల్లారేసరికి ఇరవై తాళ్ళెక్కినోన్ని,
ఇప్పుడు రోజూ దిగుడే.

నిన్న ఓ పెట్టె వచ్చింది.
ఎర్ర వైను. పన్నెండు సీసలు,
గడ్డిల పండవెట్టిండ్రు, పసిపోరల లెక్క.
లేబుల్ మీద మూడు చేతులు అచ్చేసి ఉన్నయి:
ముసలామెది, కొడుకుది, మనుమరాలిది.
వెనక రాసింది బాస్కో చదివి చెప్పిండు:
ఇంటోళ్ళే పండిస్తరంట, ఇంటోళ్ళే పిండుతరంట,
తోటకు మందు కొట్టరంట,
పీపాల ఏ మందూ కలపరంట.
మందుల మందు లేదా! అని నవ్వొచ్చింది.
ఆయనది గోవా. ఎందుకు నవ్విన్నో
హిందీల చెప్పరాలే.

మా దిక్కు ఒక్కటే అడుగుతుండె:
"ఎవ్వరి చెట్టుది?"
పేరు చెప్తే చాలు, రేక పట్టేటోళ్ళు.
నాయిన లొట్టి మీద ఏ రాతా లేకుండె.

అటెన్క డిపో వచ్చింది. సీసలొచ్చినయి.
తెల్లపొడి వచ్చింది, చిటికెడు చిటికెడు.
ఊరి చేతులు వణకవట్టినయి.
ఆ వణుకు తోనే వచ్చి, మా కల్లు తాగి
"నర్సాగౌడ్, నీది ఎక్కుతలేదు" అన్నరు.
అబద్ధం కాదది. నిజంగనే ఎక్కలే.
నీళ్ళు కలిపిండని పంచాయితి పెట్టిండ్రు
ఏమీ కలపనోని మీద.

రాత్రి తొమ్మిదో టేబుల్ నుంచి
ఒక సీస వాపసొచ్చింది.
అడుగున మడ్డి ఉన్నదట, పాడైందట.
బాస్కో రెండు గుక్కలు వొంచి "చూడు" అన్నడు.
ముక్కు దగ్గర పెట్టుకున్న.
ఈతపండు కాదు, నేరేడు కాదు.
తొలి వానకు తడిసిన లొట్టి వాసన,
దాని వెనక నేను చూడని గుట్ట, తొక్కని మన్ను.
నాలిక మీద వగరు నిలవడ్డది
పిందె కొరికినట్టు.
మడ్డి లేని కల్లును
మా నాయిన నమ్మకపోతుండె.

"నలభై రెండు దినార్లు" అన్నడు బాస్కో.
నా పది దినాల జీతం.
ఏమీ కలపలేదని చెప్పుకునేతందుకు
ఆ ముసలామెకు సీస వెనక ఇంత జాగ దొరికింది.
కోపం రాలే.
ఆమె చెయ్యి మీద నా చెయ్యి పెట్టి చూసిన.
నాది పెద్దది.
మోకు పట్టిన కాయలు ఇంకా కరగలే.

ఖాళీ సీసను రూముకు తెచ్చుకున్న.
పక్క మంచం మలయాళాయన షాజు
అందుల నీళ్ళు నింపి ఫ్రిజ్ల పెట్టిండు.
నాలుగ్గొట్టంగ
అలారం లేకుండనే నా తొడలు బిగుసుకుంటయి,
చెట్టు యాదికొచ్చి.
లేచి, ఆ నీళ్ళే తాగిన.
కొంచెం ఎర్రగున్నయి.
షాజు సీసను కడగలేదు.
నేను సుత కడగలే.