నలభై సెకన్లు

మొదట ఎడమ కన్ను అదిరింది.
ఆడదానికి ఎడమ కన్ను మంచిదేలేమ్మే అంది రెడ్డెమ్మ,
ఓవర్‌టైం డబ్బులు పడతాయేమో అని నవ్వింది.
మూడోనాటికి పిక్క అదిరింది.
పిక్కకు శకునం ఏ పంచాంగంలోనూ లేదు.
ఫోనులో ఉంది.

బొమ్మనహళ్లిలో నలుగురం పడుకునే గది.
రాత్రి పన్నెండున్నరకి దుప్పటి కింద చదివాను.
మొదట కండ అదురుతుందట,
తర్వాత బొత్తాం పెట్టుకోలేరట,
మాట ముద్దవుతుందట, ఆ పైన మింగలేరట.
గుటక వేసి చూశాను. దిగింది.
మళ్లీ వేశాను. మళ్లీ.
ఆరోసారికి నోట్లో తడి లేక అడ్డం పడింది.
చూశావా, అన్నాను నాతో నేనే.

నా పని తప్పులు వెతకడం.
చొక్కా వస్తుంది, ట్యూబ్‌లైటు కింద పరుస్తాను,
కాలరు, చంక, కాజా, అంచు.
కుట్టు తప్పిన చోట ఎర్రబాణం స్టిక్కరు అంటిస్తాను.
గంటకి తొంభై చొక్కాలు, తొమ్మిదేళ్లుగా.
ఆ కన్ను ఇప్పుడు నాతోపాటే గదికొచ్చి
చాప మీద నన్ను పరుస్తోంది.

పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడతాను.
అద్దంలో నాలుక చాపితే వణికింది.
రెడ్డెమ్మనీ చాపమన్నాను, పోల్చి చూద్దామని.
పొద్దున్నే వెక్కిరింపులా, అని చెంబుడు నీళ్లు చల్లింది.
టేపు తెచ్చి పిక్కలు కొలిచాను.
కుడిది పన్నెండున్నర. ఎడమది పన్నెండుంబావు.
పావు అంగుళం!
పావు అంగుళం తేడా వస్తే
మేము చొక్కానే వెనక్కి పంపుతాం.

ఆదివారం మార్కెట్టుకు పోయే బస్సులో
డైరీ సర్కిల్ దాటగానే కండక్టరు అరుస్తాడు,
నిమ్హాన్స్, యారప్పా నిమ్హాన్స్, ఇళీరి ఇళీరి.
ఎవరూ లేవకపోతే నావైపే చూసినట్టుంటుంది.
ఒక మంగళవారం కూలి పోగొట్టుకుని దిగేశాను.

వరసలో నా ముందు కదిరి నుంచి వచ్చిన తల్లి.
ఇరవయ్యేళ్ల కొడుకు కాలి చెప్పు జారితే
వంగి తొడిగింది, నాలుగడుగులకి మళ్లీ తొడిగింది.
వాడు ఆమె తలమీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.
అదిరే నా కాలిని చీర కుచ్చెళ్లలోకి లాక్కున్నాను.

డాక్టరు కుర్రపిల్ల. సుత్తితో మోకాళ్లు తట్టింది,
అరికాలు గీసింది, కళ్లు మూయించి
వేలితో ముక్కు ముట్టుకోమంది.
ఏమీ లేదమ్మా, నిద్ర పడుతోందా, అంది.
ఆ రెండో మాటకి ఏడుపొచ్చింది.
చీటీ మీద మందు రాయలేదు, ఇంకో గది నంబరు రాసింది,
అక్కడ కూర్చుని మాట్లాడతారు, పోండి, అంది.
పోలేదు. జబ్బు లేదన్నాక ఇంకేం మాట్లాడాలి?
బస్సెక్కి కిటికీ పక్క సీటు దొరికించుకున్నాను,
శనక్కాయలు కొనుక్కుని పొట్టు గాలికి ఊదాను.

ఆ హాయి మడివాళ సిగ్నలు దాకా వచ్చింది.
ఎర్రలైటు దగ్గర తట్టింది,
కుడి మోకాలు మూడుసార్లు కొట్టింది కదా,
ఎడమది రెండుసార్లేనే.

నిన్న మా టేబుల్‌కి కొత్తపిల్ల వచ్చింది, ముళబాగిలు నుంచి.
ఒక్క కఫ్ పట్టుకుని ఐదు నిమిషాలు చూసింది,
పదకొండు బాణాలు అంటించింది.
నేనే చెప్పాను,
పీసుకి నలభై సెకన్లేనే పాపా.
అంతకు మించి చూస్తే మంచి కుట్టు కూడా కదులుతుంది.
అలా చూస్తూ పోతే ఊళ్లో ఎవరికీ చొక్కా ఉండదు.
ఆ పిల్ల తలూపి స్టిక్కర్లు ఒక్కొక్కటే పీకింది.
జిగురు మరకలు మాత్రం ఉండిపోయాయి.

ఈ రాత్రి మళ్లీ అదురుతోంది.
నలభై దాకా లెక్కపెట్టి దుప్పటి కప్పేశాను.
రెడ్డెమ్మ గురక. సందులో నీళ్ల ట్యాంకరు
వెనక్కి పోతూ కుయ్‌కుయ్‌మంటోంది.
చీటీ పర్సులోనే ఉంది, గది నంబరు పదిహేడు.
నలభై ఒకటి,
నలభై రెండు