తరుగు

ఊరి పేరు ఫలజ్ అల్ ఖబాయిల్.
ఫలజ్ అంటే కాలువట. మా క్యాంపుకు మాత్రం
నీళ్ళు ట్యాంకరు మీద వస్తాయి, శుక్రవారం రావు.

శుక్రవారమే వచ్చాడు లింబాద్రి,
ఫిర్యాదు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
బనియను లోపల దోపుకొని.
హిందీలో అచ్చయిన ఓ గడి మీద వేలు పెట్టి
"సారూ, ఈ శోషణ అంటే ఏంది?"

ఒకప్పుడు మెట్‌పల్లి ప్రైవేటు బడిలో తెలుగు చెప్పాను.
నాలుకకు ఆ పాత దురద.
"శుష్ అని ధాతువు. ఎండిపోవడం.
శుష్కం, శోష, కంఠశోష, అన్నీ ఒక్క కడుపు బిడ్డలే.
మొన్న పైపుల దగ్గర బుచ్చన్న శోషొచ్చి పడ్డాడే,
అదే మాట."

"మరి పేపర్ల దోపిడి అని రాస్తరు?"
"అదీ ఇదీ ఒకటే."
"ఒకటెట్లయితది సారూ?
దోపిడంటే దొంగ రావాలె, తలుపు పల్గాలె.
మన దగ్గరికెవడొచ్చిండు?
అప్పు జేసి, టికెట్ గొని
మనమే వస్తిమి."

నీళ్ళు నమిలాను.
ఆ గదిలో ఉన్న నీళ్ళు అవే.

కాసేపటికి అతనే అన్నాడు:
"ఎండుడంటే నాకెర్కనే. పసుపు పండిచ్చినోణ్ణి.
ఉడకబెట్టి పదిహేనొద్దులు ఆరబోస్తం.
పచ్చిది ఐదు కింటాళ్ళు, ఎండితే ఒకటి.
నాలుగు కింటాళ్ళు ఎండ తాగిందని ఊకుంటం.
ఆ ఒక్కదాంట్ల మళ్ళ అడ్తి సేటు
తేమున్నదని రెండు కిలోలు తీస్తడు జూడు,
దాన్ని తరుగంటం.
నా దాంట్ల ఎండ తాగిందెంత,
మనిషి తీసిందెంత?
ఆ లెక్క రాయి సారూ."

లెక్క.
ఈ సైటుకు టైమ్‌కీపర్ని నేను.
పదకొండు గంటలు నిలబడ్డ మనిషి ఎదుటే
ఎనిమిది అని వేసే చెయ్యి నాది.
నీలం సిరా. పద్నాలుగు నెలలు. రోజుకు మూడు.
గుణించడం మొదలుపెట్టి
మధ్యలో ఆపేశాను.

శోషణ గడిలో టిక్కు పెట్టాను.
వివరానికి రెండు గీతలే ఇచ్చారు.
ఒక దాని మీద పేరు, పాస్‌పోర్టు నంబరు.
పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉంది,
నంబరు అతని నోట్లో ఉంది.
రెండో దాని మీద
"తరుగు: రోజుకు మూడు గంటలు" అని
తెలుగులోనే రాశాను.

అడుగున ఇంకో గడి ఉంది,
నింపినవారి సంతకం అని.

లింబాద్రి నా పెన్ను మూత చేతిలో పట్టుకొని
ఇంకా నిలబడే ఉన్నాడు.