ఇరవై రెండో కొక్కెం

ఎవరు ఆడతారో కోచ్ కంటే ముందు
సెల్మాకే తెలుస్తుందని ఊళ్ళో అంటారు.
ఉత్త మాట.
నాకు తెలిసిందల్లా ఎవరి స్కేటు ఏ అంచున అరుగుతుందో,
భయం వేస్తే ఎవరు ఎడమ గ్లోవు ముందు తొడుక్కుంటారో.
ఇరవై ఆరేళ్ళుగా అదే నా చదువు.

ప్లేఆఫ్ ఆరో ఆట. మూడు రెండుతో వెనకబడి ఉన్నాం.
ఇవాళ ఓడితే రేపు చొక్కాలన్నీ ఉతికి
అట్టపెట్టెల్లో పడుకోబెట్టడమే.
బయట నది మీది మంచు పెళపెళ విరుగుతోంది.
లోపల నా సానరాయి రవ్వలు చిమ్ముతోంది.

మూడింటికి సిల్తాలా వచ్చాడు,
చేతిలో కాగితం, చెవి మీద పెన్సిలు,
రెండు రాత్రుల గడ్డం.
ఇరవై రెండు గీతలకు ఇరవై పేర్లే ఉన్నాయి.
నాతో చెబుతున్నట్టు గోడతో చెప్పాడు:
"హార్యు మోకాలు సరే, అది పోయింది.
లౌహెలా భుజానికి సూది వేస్తే
రెండు పీరియడ్లు మొద్దుబారి ఉంటుందట.
నాలుగో లైన్లో ఓ మూల నిలబెడతాను,
కెప్టెన్ కనబడితే కుర్రాళ్ళకు ధైర్యం.
ఇక రాస్కా తల..."
అక్కడ ఆగాడు.
తల గురించి ఎవరూ వాక్యం పూర్తి చేయరు.

డాక్టరు అడిగితే నెలల పేర్లు వెనక నుంచి చెప్పాడు రాస్కా,
ఒంటికాలి మీద నిలబడ్డాడు,
కదిలే వేలిని చూపుతో వెంబడించాడు.
పాసయ్యాడు.
నా గదికొచ్చి మాత్రం
"సెల్మా, ఆ రాయి కాసేపు ఆపవా" అన్నాడు.
పదేళ్ళుగా ఆ చప్పుడులోనే కునుకు తీసే మనిషి.
లేసు కట్టుకుంటూ రెండు కన్నాలు వదిలేశాడు.
నేను చూశానని చూశాడు.
పెదవుల మీద వేలు పెట్టాడు,
బిస్కెట్టు దొంగిలించిన పిల్లాడిలా.

ఏం చేయాలి నేను?
చెబితే చాడీ. చెప్పకపోతే...
ఈ వాక్యమూ అంతే.

అందరి బ్లేడ్లకూ పదును పెట్టాను.
ఒక్క జతను మాత్రం మొద్దుగానే
బల్ల అంచున వదిలేశాను.

సిల్తాలా బొటనవేలితో తడిమాడు.
తెగలేదు.
నా మొహం చూశాడు, మళ్ళీ తడిమాడు.
"మర్చిపోయావా?"
"నేనా?"
సగం రాసిన పేరును పెన్సిలు తిరగేసి రుద్దాడు,
కాగితం చిరిగేదాకా.

జనవరి తర్వాత ఒక్క ఆటా ఆడని
పంతొమ్మిదేళ్ళవాడు, క్యుల్మానియెమి.
పొద్దున్నే బేకరీలో బస్తాలు మోస్తాడు, గోళ్ళ కింద ఇంకా పిండి.
వాడి చొక్కా మీద పేరే లేదు.
కూర్చుని కుట్టాను,
అక్షరాలు ఒక చంకలో మొదలై ఇంకో చంకలో ఆగాయి.
ఇరవై రెండో కొక్కేనికి తగిలిస్తుంటే
తలుపు దగ్గర నిలబడి
"నిజంగా నాదేనా?" అని రెండుసార్లు అడిగాడు.
రెండోసారి గొంతు రాలేదు.

ఆట మొదలైంది.
దీపాలార్పిన నా గదిలో
రాస్కా బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు,
కళ్ళ మీద తడి తువ్వాలు.
నాతో మాట్లాడడు.
మాట్లాడకు నాయనా,
వచ్చే శీతాకాలం దాకా మాట్లాడకు,
అప్పటికి నా పేరు నీకు గుర్తుంటే చాలు.

గోడకు అవతల స్టిక్కులు, ఈలలు,
బాగున్న చేత్తో బెంచీ చెక్కను బాదుతున్న లౌహెలా.
ఒక చేత్తో చప్పట్లు మోగవంటారు గానీ.

ఉన్నట్టుండి రెండు వేల గొంతులు లేచాయి.
సంబరమో గుండె జారడమో
గోడ చెప్పదు.
తువ్వాలు కింద నుంచి రాస్కా,
మూడు గంటల్లో మొదటి మాట:
"కుర్రాడేనా?"

నేను లేవలేదు.
వాడి స్కేట్లు ఒళ్ళో పెట్టుకుని
గుడ్డతో తుడుస్తున్నాను,
వేలు తెగదని తెలిసీ
అంచుకు దూరంగా, నెమ్మదిగా.